పురుళ్ళ ఫోను

ఫోను మోగింది. జీవరత్నం చేతిలో గరిటె పక్కన పడేసి పరుగున వచ్చి ఎత్తింది.

"హలో, లారీ సామాన్ల కొట్టు బసవయ్యగారాండీ?"

"కాదండీ. ఇది పురుళ్ళ ఫోను. పెట్టేయండి!"

ఠపీమని పెట్టేసింది. ఫోను వచ్చిన దగ్గర్నుంచీ ఇదే గొడవ.

పటమటలో పురుళ్ళ నర్సమ్మ జీవరత్నం అంటే చిన్నపిల్లాడైనా ఇల్లు చూపిస్తాడు. ఈ ఫోను కోసం ఆవిడ ఏళ్ళ తరబడి టెలిఫోన్ ఆఫీసు చుట్టూ కాళ్ళరిగేలా తిరిగింది. "షావుకార్లకే దిక్కులేదు, నీకెక్కణ్ణించి తేవాలమ్మా?" అని గుమాస్తా విసుక్కున్నా వదల్లేదు. చివరికి ఓ రోజు వాళ్ళే వచ్చి పెట్టి వెళ్ళారు.

"పట్టు పడితే కానిదేముంది?" అని కనిపించిన వాళ్ళందరికీ చెప్పుకుని మురిసిపోయింది.

ఆ ఇంట్లో ఫోనులో కబుర్లు నిషేధం. గన్నవరం నుంచి సొంత చెల్లెలు చేసినా "బాగున్నాం, ఉంటాను" అని పెట్టేసేది. ఏ క్షణాన ఎవరికి నొప్పులొస్తాయో ఎవరికి తెలుసు?

అలాంటి ఇంటికి ఓ సాయంత్రం ఆ బసవయ్యే వచ్చాడు. మాసిన గడ్డం, గ్రీజు మరకల చొక్కా.

"నర్సమ్మగారూ, మీ నంబరు ఇదివరకు నాదండీ."

"అయితే నన్నేం చేయమంటారు? కొత్త ఎక్స్చేంజి వచ్చి నాలుగంకెల నంబర్లన్నీ ఐదంకెలయ్యాయి. ఆ తిరకాసులో మీది నాకొచ్చినట్టుంది."

"తప్పు పట్టడానికి రాలేదమ్మా. మా తమ్ముడు ఓడల్లో పని చేస్తాడు. వాడికో ఊరూ లేదు, అడ్రసూ లేదు. ఏ దేశంలోనో ఒడ్డుకు దిగినప్పుడు ఈ నంబరుకు చేస్తాడు. వాడికి తెలిసింది పాత నాలుగంకెలే. వాటి ముందు ఏడు చేర్చి మన ఎక్స్చేంజి వాళ్ళు కలుపుతారు."

"మీ కొత్త నంబరు చెప్పండి. చేసినప్పుడు చెబుతాను."

"నాకిప్పుడు ఫోను లేదమ్మా. వాడెక్కడున్నాడో అడిగి పెట్టండి, చాలు. నాకు మిగిలింది వాడొక్కడే."

"చూద్దాం లెండి" అంది జీవరత్నం.

ఆ రోజు నుంచి సాయంత్రమయ్యేసరికి గేటు దగ్గర బసవయ్య.

"ఏమన్నా వచ్చిందా అమ్మా?"

"రాలేదండీ."

కొన్నాళ్ళు ఓర్చుకుంది. ఓ రోజు ఇక ఊరుకోలేకపోయింది.

"కాన్పులకొచ్చే ఆడవాళ్ళుంటారు. ఇలా రోజూ వచ్చి నిలబడితే ఎలాగండీ? వస్తే నేనే కబురు చేస్తాగా!"

బసవయ్య తలూపి వెళ్ళిపోయాడు.

శ్రావణంలో ఓ ముసురు మధ్యాహ్నం కానూరు బియ్యం మిల్లు నుంచి ఫోను వచ్చింది. మిల్లు పక్కింటి పిల్లకు నొప్పులు. నెలలు నిండలేదు.

"ఉమ్మనీరు పోయిందేమో చూసొచ్చి, వెంటనే మళ్ళీ చేయండి. నేను రావాలో, పెద్దాసుపత్రికి తీసుకుపోవాలో చెబుతాను" అంది జీవరత్నం.

ఫోను మీద చెయ్యి వేసుకునే కూర్చుంది. మోగింది.

"ఓవర్సీస్ కాల్. సింగపూరు నుంచి బసవయ్యగారికి" అంది ఆపరేటరు. ఆ వెనకే గరగరల్లోంచి ఒక మగ గొంతు. "అన్నయ్యా! అన్నయ్యా, వినబడుతోందా?"

జీవరత్నం ఒక్క క్షణం తటపటాయించింది. ఒక్క క్షణమే.

"బసవయ్య ఇక్కడ లేడు. లైను వదలండి!"

పెట్టీ పెట్టగానే మిల్లు వాళ్ళ ఫోను. పిల్లను కదపొద్దని చెప్పి, రిక్షా ఎక్కి వానలో కానూరు వెళ్ళింది. తల్లినీ బిడ్డనూ దక్కించింది.

మర్నాడు తనే బసవయ్య కొట్టుకు వెళ్ళింది. చేసింది దాచుకునే మనిషి కాదు.

"మీ తమ్ముడు సింగపూరు నుంచి చేశాడండీ. కాన్పు ఫోను రావాల్సి ఉండి పెట్టేశాను. ఏ ఓడో, ఎక్కడుంటున్నాడో అడగలేదు."

బసవయ్య చేతిలో ఉన్న బోల్టును చాలాసేపు గుడ్డతో తుడిచాడు.

"ఆ కాన్పు క్షేమంగా అయిందా అమ్మా?"

"అయింది. ఆడపిల్ల."

"మంచి పని చేశారు" అన్నాడు.

దెప్పుతున్నాడనుకుంది జీవరత్నం. మనసు చివుక్కుమంది. అయినా మళ్ళీ అలాంటి సమయమే వస్తే మళ్ళీ అలాగే చేస్తానని గట్టిగా అనుకుంది.

గాలివానకు తెగిన తీగ వేయడానికి కొన్నాళ్ళకు లైన్‌మన్ శౌరయ్య వచ్చాడు.

"శౌరయ్యా, బసవయ్య తమ్ముడు చేసిన ఆ సింగపూరు ఫోను ఎక్కణ్ణించి వచ్చిందో పట్టుకోలేమా?" అని అడిగింది.

"ఎలాగండీ? బొంబాయి ఎక్స్చేంజి వాళ్ళు కలిపారన్నంత వరకే మనకు తెలుసు. ఆ దేశం నంబర్ల లెక్కే వేరు. అయినా పట్టుకుని ఎవరికి చెబుతారు? బసవయ్యగారు కొట్టు మూసేశారుగా."

"ఎక్కడికెళ్ళాడు?"

"తమ్ముణ్ణి వెతుక్కుంటూ వెళ్ళారండీ. విశాఖపట్నం ఓడరేవన్నారు, అక్కడ దొరక్కపోతే మద్రాసన్నారు. దొరికేదాకా తిరిగి రానన్నారు. ఫోను పోయినప్పుడే బేరాలు కూడా పోయాయి లెండి."

జీవరత్నానికి కోపం వచ్చింది.

"అంత అవసరమున్న మనిషి నంబరు పీకి నాకెందుకు పెట్టారయ్యా మీ ఆఫీసు వాళ్ళు?"

నిచ్చెన మీద శౌరయ్య చెయ్యి ఆగింది.

"మేం పీకడమేంటండీ? తన ఫోను తీసి మీ ఇంట్లో పెట్టమని ఆయనే ఆఫీసు చుట్టూ తిరిగి సాధించారు. మీకు మాత్రం చెప్పొద్దన్నారు."

"నాకా? నేనాయనకేమవుతానని?"

శౌరయ్య నిచ్చెన దిగి వచ్చాడు.

"ఆయన కూతురికి నొప్పులొచ్చిన రోజు ఆయన చేతిలో ఫోనుందటండీ, తిప్పడానికి మీ ఇంట్లోనే ఫోను లేదు. మీకోసం మనిషిని పంపిస్తే, వాడు వీధి మలుపు తిరగకముందే తల్లీ బిడ్డా ఇద్దరూ పోయారట."