పిల్లలు లేని ఊరు

"మీ ఇంట్లో వంతెన మీద నడిచిపోయే పిల్లోళ్ళు ఎంతమంది ఉండారమ్మా?" పుస్తకం తెరిచి అడిగాడు సర్వేకొచ్చిన మనిషి.

మునీశ్వరి గబుక్కున తలుపుకు అడ్డంగా జరిగింది. పుంగనూరు రోడ్డు మీది పాత వంతెనను వెడల్పు చేస్తున్నారు. కొత్త స్తంభాలు నిలవాలంటే పసిబిడ్డను బలివ్వాలని ఊరంతా ఒకటే మాట.

తలుపు వెనకున్న కూతురి నోరు గట్టిగా మూసి, "మాకు పిల్లోళ్ళు లేరప్పా" అంది.

వంతెన తెరిచిన రోజు, కూతుర్ని బడికి తీసుకుపోతూ మునీశ్వరి దాని మొదట్లోనే నిలబడిపోయింది. లారీలు ఒంటిని రాసుకుంటూ పోతున్నాయి.

అక్కడ ఆ సర్వే మనిషే కనిపించాడు. "నడిచేదానికి దోవ యాడ పెట్టినారప్పా?" అని అడిగింది.

అతను పాపవైపు చూశాడు.

"ఫుట్‌పాత్ ప్లాన్‌లో ఉండెనమ్మా. మీ ఊర్లో పిల్లోళ్ళే లేరని అందరూ చెప్తిరి కదా, తీసేసినారు."