రెండో చేప

ఆదివారం సాయంత్రం వరప్రసాద్ సార్ కారు దిగుతూనే ప్లాస్టిక్ కవరు పైకెత్తి చూపించాడు. అందులో నీళ్లు, నీళ్లలో ఒక చేప. నీలి ఒళ్లు, పసుపు తోక.

"కుర్మయ్యా, మన నీలిగాడికి జోడు తెచ్చా. అచ్చం అదే జాతి!"

కనకమామిడిలో ఉన్న సార్ ఫాంహౌస్‌కు కుర్మయ్య కాపలా. అతని భార్య అంతమ్మ వంట చేస్తుంది. వాళ్లు ఉండేది అక్కడే సార్ ఇచ్చిన గదిలో. హాల్లో మంచమంత గాజుతొట్టి, అందులో ఉప్పునీళ్లు, సముద్రపు చేపలు. చేపలు అనడం పేరుకే. ఇంతకుముందు తెచ్చిన రెండింటినీ పొడిచి పొడిచి చంపి, నీలిగాడు ఒక్కడే దొరలా ఏలుతున్నాడు.

"సార్, నీలిగాడు ఎవల్నీ ఉండనియ్యడు" అన్నాడు కుర్మయ్య చేతులు నలుపుకుంటూ.

"అవి వేరే జాతివయ్యా, అందుకే పడలేదు. ఒకే కులంలో సంబంధం కలిపితే ఎందుకు పడదు? అడ్జస్ట్ అవుతాయి. అయినా మీరు సరిగ్గా చూసుకోకే అవి చచ్చాయి. ఇది కూడా చచ్చిందో, మీరు గది ఖాళీ చెయ్యండి."

సొంత అన్నలే పొలం గట్టు కోసం గొడ్డలి తీస్తే పక్క మండలంలోని ప్రొద్దుటూరు విడిచి వచ్చినవాడు కుర్మయ్య. ఒకే కులం సంగతి అతనికి తెలియదా? కానీ సార్‌తో ఎలా అంటాడు? ఆ గదిలోనే కూతురు నీలవేణి చదువుకుంటోంది. పదో తరగతి పరీక్షలు నడుస్తున్నాయి. సెంటరు మొయినాబాద్‌లో. ఇప్పుడు గది పోతే పిల్ల ఎక్కడ కూర్చుని చదవాలి?

సోమవారం పొద్దునకే కొత్త చేప తోక చిరిగింది. రాయి వెనక నక్కితే నీలిగాడు అక్కడికీ పోయి పొడిచాడు. కుర్మయ్య గాజు మీద తట్టి, కోడిని అదిలించినట్టు "హే, పో!" అని అదిలించాడు. నీలిగాడు ఖాతరు చేయలేదు. ఇక లాభం లేదని ఫోన్ చేశాడు.

"సార్, చంపేటట్టున్నది. జర బకెట్ల తీసి పెడుత?"

"చెయ్యి పెట్టావంటే బాగుండదు! బకెట్లో వేస్తే పోతుంది. ఏం కాదు, కలిసిపోతాయి. ఎల్లుండి నుంచి రోజూ పొద్దున ఎనిమిదికి వీడియో కాల్ చేసి చూపించు."

ఏం చేస్తాడు పాపం? తొట్టి ముందు కూలబడ్డాడు. "మల్లన్నా, పిల్ల పరీక్షలయ్యేదాంక దాన్ని సల్లగ సూడు తండ్రీ" అని అంతమ్మ మొక్కుకుంది.

బుధవారం ఏడున్నరకు నీలవేణి పరీక్షకు తయారవుతోంది.

"అవ్వా, అద్దమేది? జడ ఏసుకోవాలె."

"కిటికీల సూస్కో పో! ఆటో పోతది" అని కసిరింది అంతమ్మ. కూతుర్ని ఏనాడూ కసరని మనిషి.

ఎనిమిదికి కుర్మయ్య ఫోన్ ఎత్తి పట్టుకున్నాడు. అంతమ్మ తొట్టి వెనక సందులో నిలబడింది.

నీలిగాడు దూకాడు. ఎదుటిదీ దూకింది. నీలిగాడు వెనక్కి తగ్గాడు. ఎదుటిదీ తగ్గింది.

"అరె, తిరగబడుతోందే!" ఫోన్‌లో సార్ చప్పట్లు కొట్టాడు. "శభాష్!"

గురువారం అదే వరస. శుక్రవారం కొట్లాట కాస్త తగ్గింది. శనివారం రెండూ మూతి మూతి ఆనించుకుని కదలకుండా నిలబడ్డాయి.

"ముద్దులు పెట్టుకుంటున్నాయి కదయ్యా! నేను చెప్పలా, ఒకే కులమని?"

"అవు సార్."

"ఫోన్ అటు తిప్పు, తొట్టి మొత్తం చూద్దాం."

"సిగ్నల్ లేదు సార్. తిప్పితే కట్ అయితది."

"సరేలే. రేపు ఫ్రెండ్స్‌ని తీసుకుని వస్తున్నా. దగ్గరుండి కళ్లారా చూస్తాం."

నీలవేణికి ఇంకా రెండు పరీక్షలున్నాయి. కుర్మయ్య "మంచిది సార్" అన్నాడు. ఇంకేమనగలడు?

ఫోన్ ఆగాక అంతమ్మ తొట్టి వెనక గాజుకు అదిమి పట్టుకున్న నీలవేణి అద్దాన్ని కిందికి దించింది. మంగళవారం నుంచి ఆ తొట్టిలో ఒక్కడే ఉంటున్న నీలిగాడు తన జోడు కోసం గాజంతా వెతకసాగాడు.