మూడు రంగుల వైరు

మేనేజరుగారింటికి కొత్త టీవీ వచ్చిందట, గోడంత ఉందట, అందులో చీమ నడిస్తే దాని కాళ్లు లెక్కపెట్టుకోవచ్చట. ఎదురింటావిడ కుళాయి దగ్గర చెప్పిన ఈ మాటను, చంకలో బిందె దించకుండానే మోసుకొచ్చి మొగుడి చెవిన వేసింది కునుకయ్య భార్య.

అన్నం తింటున్న కునుకయ్యకు ముద్ద గొంతుకు అడ్డం పడింది.

అతను ఫ్యాన్ల గోడౌనుకు పగటి వాచ్‌మన్. కూర్చున్నచోటే కునుకు తీస్తాడని ఆ పేరు. పదిరోజుల క్రితం పట్టపగలు ఆ గోడౌన్లోంచి నలభై సీలింగ్ ఫ్యాన్లు మాయమయ్యాయి. "పొద్దున్నుంచి సాయంత్రం దాకా గేటు వదల్లేదు, రెప్ప కూడా వెయ్యలేదు" అని ఎస్సైకి రాసిచ్చాడు కునుకయ్య. "నేనూ లోపల ఆఫీసు గదిలోంచి అంగుళం కదల్లేదు" అని, చెవికింది పులిపిరి గోక్కుంటూ రాసిచ్చాడు మేనేజరు.

నిజానికి కునుకయ్య ఆ మధ్యాహ్నం, లోపల మేనేజరుగారున్నారు కదా అన్న భరోసాతో, ఫుట్‌బాల్ ఫైనల్ చూడ్డానికి జారుకున్నాడు. స్టేడియం దగ్గర ఊరికే పంచిన ఎర్రటోపీ నెత్తిన పెట్టుకుని, గోలు పడగానే కోతిలా ఎగిరాడు. ఆ ఎగురుడు కాస్తా టీవీకెక్కిందని అతని ఏడుపు. స్పోర్ట్స్ ఛానల్ వాళ్లు రోజూ సాయంత్రం ఆరింటికి ఆ గోలూ, ఆ వెంటనే జనంలోంచి ఎగిరే ఎర్రటోపీ చూపించి మరీ ప్రాణం తీస్తున్నారు. ఇంట్లోని డబ్బా టీవీలో అది గురివింద గింజంత ఎర్రమరక. స్టేడియంలో ఎర్రటోపీలు వేలున్నా, తన ఎగురుడు తనకు తెలీదూ!

చీమ కాళ్లు కనపడే టీవీలో తన మొహం కనపడకుండా పోతుందా? మేనేజరు చూస్తే ఉద్యోగం ఊడినట్టే. కునుకయ్య చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా పరిగెత్తాడు.

టీవీ అప్పుడే అట్టపెట్టెలోంచి బయటపడింది. మేనేజరు తమ్ముడు తల్లి కోసం పంపాడట, హెచ్‌డీ సెట్‌టాప్ బాక్సుతో సహా. మేనేజరు మొహంలో మాత్రం కొత్త వస్తువు వచ్చిన కళ లేదు. "పాతదానికేం రోగం? నిక్షేపంలా ఉంటేనూ" అని గొణుగుతున్నాడు.

"నేను బిగిస్తాను సార్, మీరలా కూర్చోండి" అన్నాడు కునుకయ్య. బొమ్మను స్పష్టంగా చూపించే నల్ల హెచ్‌డీ వైరును పెట్టెలోంచి తీసి జేబులోకి తోసేసి, పాత టీవీ వెనక వేలాడుతున్న ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల వైరు పీకి కొత్తదానికి గుచ్చాడు.

బొమ్మ వచ్చింది. పాతదానికంటే అధ్వాన్నంగా, మసకమసగ్గా, మనుషులంతా అడ్డంగా సాగిపోయి.

మేనేజరు తల్లి కళ్లు చికిలించింది. "ఇదేంట్రా పెద్దోడా, వార్తలు చదివే పిల్లకు గవదబిళ్లలు లేచినట్టున్నాయి?"

"కొత్త టీవీ కదండీ పెద్దమ్మగారూ, కళ్లకు అలవాటు కావాలి" అన్నాడు కునుకయ్య చెమట తుడుచుకుంటూ.

మేనేజరు మొహం మతాబాలా వెలిగింది. "అద్భుతం! హెచ్‌డీ అంటే ఇదీ! ఇక దీన్నెవరూ ముట్టుకోవద్దు. మెకానిక్కు గుమ్మం తొక్కాడో, ఊరుకునేది లేదు" అని ఇంటిల్లిపాదికీ హుకుం జారీ చేసి, కునుకయ్య భుజం తట్టి పంపాడు. చూడవచ్చిన చుట్టుపక్కలవాళ్లు ఆయన మాట తీసెయ్యలేక "అబ్బ, ఎంత స్పష్టంగా ఉందో" అంటూ కళ్లు నులుముకుని వెళ్లారు. ముసలావిడ మాత్రం రోజుకు నాలుగుసార్లు కళ్లద్దాలు కడుక్కునేది.

నాలుగోరోజు సాయంత్రం ఎస్సై ఆ ఇంటికే వచ్చి కునుకయ్యను పిలిపించాడు.

"నలభై ఫ్యాన్లురా! జేబులో వేసుకుపోయేవా? లోపల ఈయన, గేట్లో నువ్వు. ఈయన చూస్తే పెద్దమనిషి. మరి రెక్కలున్నాయని అవే ఎగిరిపోయాయా?"

"వీడే సార్" అన్నాడు మేనేజరు. "తీసుకెళ్లి నాలుగు తగిలించండి, కక్కుతాడు."

కానిస్టేబులు జబ్బ పట్టుకునేసరికి కునుకయ్యకు బుర్ర వెలిగింది. తనను ముంచుతుందనుకున్న ఎర్రటోపీయే ఇప్పుడు తనకు దిక్కు. ఉద్యోగం పోతే పోయింది, జైలు తప్పుతుంది.

"సార్! నేనసలు గేట్లోనే లేను! మ్యాచ్‌కు పోయాను! సాక్ష్యం ఆ టీవీలోనే ఉంది, ఆరవుతోంది, ఇప్పుడే వస్తుంది!" ఎక్కడ దాచాలో తెలీక నాలుగు రోజులుగా జేబులోనే మోస్తున్న నల్లవైరు బయటికి లాగాడు.

"నా టీవీ ముట్టుకోకు! కాలిపోతుంది!" మేనేజరు రెండు చేతులూ చాపి అడ్డం పడ్డాడు. "ఉండవయ్యా" అని ఎస్సై ఆయన్ను పట్టుకుని కుర్చీలో కుదేశాడు.

వైరు ఎక్కింది. కునుకయ్య రిమోటు నొక్కి స్పోర్ట్స్ ఛానల్ పెట్టాడు. తెర ఒక్కసారిగా కడిగినట్టయింది. మైదానంలో గడ్డిపరకలు విడివిడిగా కనపడ్డాయి. బంతి వలలో పడింది. కెమెరా జనం మీదికి తిరిగింది. ఎర్రటోపీ ఎగిరింది. టోపీ కింద మొహం, పళ్లన్నీ బయటపెట్టి, తెరనిండా పరుచుకుంది.

కునుకయ్య తెరకు మొహం ఆనించి చూశాడు. ఆ మొహం తనది కాదు.

"ఇది నువ్వెక్కడరా?" ఉరిమాడు ఎస్సై. "ఎవడు వీడు?"

ముసలావిడ కళ్లద్దాలు సర్దుకుని ముందుకు వంగింది.

"ఎవరేంటి బాబూ, మా పెద్దోడే. చెవికింద పులిపిరి కూడా కనపడటంలా? ఇదిగో, ఇప్పుడు బాగుందిరా నీ టీవీ."