దర్వాజ నిలబెట్టిన రోజు

"ఓ పెద్దమ్మా, వీళ్లను లోపలికి ఎవరు రమ్మన్నరు?"

కిషన్ గొంతు గల్లీ దాకా వినబడ్డది.

సీతాఫల్‌మండిల ఆ పాత ఇంటి హాల్ల, ఫ్యాన్ కింద చాపలు పరిచి ఉన్నయి. వాటి మీద కూలోళ్లు టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నరు. వాళ్ల నడుమ ముసలామె బాలమ్మ, చీర పైకి దోపుకొని, అందరికీ మంచినీళ్లు పోస్తున్నది.

"నేనే రమ్మన్న," అన్నది బాలమ్మ. "బయట ఎండ చూసినవా?"

"వీళ్లకు ఎండ కొత్తనా? సిమెంటు కాళ్లతోటి హాల్ల కూసుంటే ఓనర్ మేడమ్ ఏమంటది? లేవుండ్రి, బయట తినుండ్రి."

ఇసుక మోసే రాజ్యం నోట్ల ముద్ద నోట్లనే ఉన్నది. డబ్బాకు మూత పెట్టుకొని లేచింది. మిగతావాళ్లు సుత లేచిన్రు.

బాలమ్మ తన పళ్లెం పట్టుకొని వాళ్ల ఎనకే పోయి, ఇసుక కుప్ప పక్కన కూసున్నది.

కిషన్ చెడ్డోడు కాదు, ఆ మాట చెప్పాలె. ఆయన కట్టిన గోడకు వంక పెట్టేటోడు లేడు. ఇన్నేండ్లు ఇంకొకరి కింద మేస్త్రి పని చేసి, మొన్ననే సొంతంగ కాంట్రాక్టర్ అయిండు. బండి ముందర 'కిషన్ కన్‌స్ట్రక్షన్స్' అని రాయించుకున్నడు. ఇప్పుడు చేతిల ఉన్నది ఎనక ఒక్క రూమ్ పనే. అది నచ్చితే పైన అంతస్తు మొత్తం నీకే ఇస్తమని సుకన్య మేడమ్ అన్నది. అది దొరికితే పేరు నిలబడ్డట్టే. దొరకకపోతే మళ్ల ఎవరి కిందనో తాపీ పట్టాలె. గందుకే మేడమ్‌కు ఎక్కడ తక్లీఫ్ అయితదో అని ఒకటే పరేషాన్.

మేడమ్ పొద్దున బ్యాంకు పనికి పోతే సాయంత్రమే వచ్చుడు. దినమంతా ఇంట్ల ఉండేది బాలమ్మ ఒక్కతే. అంట్లు తోముతది, కూలోళ్లతోటి కలిసి ఇసుక జల్లెడ పడతది, వాళ్లతోటే కూసొని ముచ్చట పెడతది. ఇంకేముంది, పనామె అని కిషన్ ఫిక్స్ అయిపోయిండు. ఆమె సుత కాదని చెప్పలే.

ఆ సాయంత్రం సుకన్య రాంగనే గేటు కాడికి ఎదురు పోయిండు.

"మేడమ్, మీ పనామె మంచిదే గాని నా లేబర్‌ను ఖరాబ్ చేస్తున్నది. మీ ఇంట్ల కప్పులల్లనే చాయ్ పోస్తది. బాత్రూమ్ సుత వాడుకోమంటది. జెర మీరు చెప్పుండ్రి."

సుకన్య నవ్వు ఆపుకున్నది.

"నేను చెప్తే వినదు కిషన్ గారూ, చిన్నప్పటి సంది చూస్తున్న. మీరే చెప్పి చూడండి."

ఓహో, పాత మనిషి, నెత్తికెక్కింది అనుకున్నడు కిషన్.

తెల్లారి చెప్పనే చెప్పిండు.

"చూడు పెద్దమ్మా, ఎవరిని యాడ ఉంచాల్నో ఆడ ఉంచాలె. పని చేసేటోళ్లను గిట్ల నెత్తిన పెట్టుకుంటే రేపు మాట వింటరా?"

బాలమ్మ ఆయన దిక్కు ఓసారి చూసింది.

"గట్లనా బిడ్డా," అన్నది. అంతే.

కొత్త రూముకు దర్వాజ నిలబెట్టే రోజు వచ్చింది. ఆ రోజు ఇంటి ఓనర్ మేస్త్రికి కొత్త బట్టలు పెట్టాలె. నలుగురి ముందర జరిగే మర్యాద అది. కాంట్రాక్టర్ అయినంక మొదటి దర్వాజ ఇదే. కిషన్ ఇస్త్రీ షర్టు తొడుక్కొని, నున్నగ తల దువ్వుకొని వచ్చిండు.

దర్వాజకు పసుపు రాసిన్రు, మామిడాకులు కట్టిన్రు, కొబ్బరికాయ కొట్టిన్రు. బాలమ్మ పళ్లెం పట్టుకొని వచ్చింది. పళ్లెంల చీర కనబడ్డది. షర్టు గుడ్డ దాని కింద ఉంటదిలే అనుకున్నడు కిషన్.

"పెద్దమ్మా, అది మేడమ్ చేతికియ్యి. బట్టలు ఓనరే పెట్టాలె."

"ఓనరే పెడుతున్నది," అన్నది సుకన్య. "ఈ ఇల్లు మా అమ్మది."

కిషన్ మొఖం పాలిపోయింది.

బాలమ్మ ఆయనను దాటి పోయింది. ఎనక గోడకు ఆనుకొని నిలబడ్డ రాజ్యంకు బొట్టు పెట్టి, చీర ఆమె చేతుల్ల పెట్టింది.

"మేస్త్రికి కదా బాలమ్మా పెట్టేది," అన్నది పక్కింటామె.

"దర్వాజ మేస్త్రి నిలబెట్టిండు, కాదంటనా. మరి దానికి ఇటుక, ఇసుక మోసింది ఎవరు?"

రాజ్యం చీరను గుండెకు అదుముకున్నది. ఇప్పటిదాకా ఎన్ని దర్వాజలు చూసిందో, ఒక్కరు సుత ఆమె దిక్కు పళ్లెం తిప్పలే.

కిషన్ తల వంచుకొని దగ్గరికొచ్చిండు.

"తప్పైందమ్మా. మీరు ఎవరో తెల్వక అన్న."

"నేనెవరో తెల్వదు, సరే. రాజ్యం ఎవరో తెలుసు కదా. మరి ఆమెను అన్నం కాడికెల్లి ఎందుకు లేపినవ్?"

కిషన్ రాజ్యం చేతుల్ల చీర దిక్కు చూసిండు. మెల్లగ అడిగిండు.

"ఇగ పైన పని నాకియ్యరు గదా?"

"ఇస్త. నీ చేతిల పనితనం ఉన్నది. కాని నీ మనుషులు హాల్లనే తింటరు, ఫ్యాన్ కిందనే. ఒప్పుకుంటేనే."

"ఒప్పుకుంట. కాని అమ్మా, కూలోళ్లంటే మీకెందుకు గింత పావురం, గింత ప్రేమ?"

బాలమ్మ పాత గోడ మీద చెయ్యేసి నిలబడ్డది. ఆ ముసలి మొఖంల గర్వం దాస్తే దాగేటట్టు లేదు.

"గృహప్రవేశం అయినంక మంచినీళ్లు అడిగితే అప్పటి ఓనర్లు గేటు బయటనే నిలబెట్టిన్రు గాని ఒక్కనాడు నన్ను ఈ గడప దాటనియ్యలే కొడుకా. ఇల్లు అమ్మకానికొచ్చిందని తెల్వంగనే, కొత్త ఫ్లాట్ కొంటనన్న నా బిడ్డను ఆపి ఇదే కొనిపిచ్చిన, ఎందుకంటే ఈ గోడలకు ఇటుకలు మోసిన కూలిదాన్ని నేనే."