పందిరి గుంజ కాడి గుడ్డు

“ఏందే ఐలవ్వా, నా వాకిట్ల గుడ్డు పాతిపెడ్తవా? నా కొడుకును నాకు కాకుండ చేస్తవా?”

శంకరవ్వ గోడ మీది నుంచి అరుస్తోంది. అటువైపు ఐలవ్వ చేతిలోని చీపురు జారిపోయింది.

“నాకేం ఖర్మనే. నీ వాకిట్ల అడుగు వెట్టి ఎన్నొద్దులైంది?”

“మరి పెండ్లైన నాటి సంది వాడు పెండ్లాం కొంగు వట్టుకునే ఎందుకు తిరుగుతుండు? గిది మంత్రించిన గుడ్డు పనే. రేపు పెద్దమనుషుల ముంగట తేల్చుకుందాం.”

కొత్త కోడలు భవ్యశ్రీకి ముందు సిగ్గేసింది, తర్వాత నవ్వొచ్చింది. ఐలవ్వ మొహం చూశాక రెండూ ఆగిపోయాయి. వంగి చూసింది. పెళ్లి పందిరి గుంజను నరికేసిన చోట, తడిమట్టిలో తెల్లటి మెత్తటి గుడ్డు సగం తేలి ఉంది. అడుగున దారాల్లాంటి వేళ్లు.

“ఇది పుట్టకొక్కు అత్తమ్మా. కాలేజీల పుట్టగొడుగుల పాఠంల చదివిన. తెల్లారేసరికి పగుల్తది, చూడుండ్రి.”

“పుట్టకొక్కు గుడ్డు పెడ్తదా? నీ సదువు సల్లగుండ.”

తెల్లారేసరికి నిజంగానే పగిలింది. జానెడు కాడ లేచి, నడుముకు తెల్లటి జాలీ లంగా కట్టుకుని నిలబడింది. అంతవరకూ ముద్దుగానే ఉంది. తల మీద మాత్రం చీమిడిలాంటి ఆకుపచ్చ జిగురు కారుతోంది. చచ్చిన ఎలుక కంపు. ఈగలు ముసిరి ఆ జిగురును జుర్రుతున్నాయి. భవ్యశ్రీ గోడకు ఆనుకుని రెండుసార్లు డోకింది.

“ఆ ఈగలే దీని విత్తనాలు మోస్తయి,” అంది కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని. “మట్టిల మిగిలిన గుంజ మొద్దును తిని ఎరువు చేస్తది. ఇసొంటివి లేకుంటే చచ్చిన కట్టె చచ్చినట్టే పడుంటది.”

శంకరవ్వ ముక్కు మూసుకునే గోడ దగ్గరికి నడిచింది. “ఐలవ్వా, మనసుల పెట్టుకోకే. జర వచ్చి చాయ్ తాగిపో.”

“గా కంపుల చాయ్ ఎవలు తాగుతరే?”

శంకరవ్వ కోడలి వైపు తిరిగింది. “బిడ్డా, ముందు దాన్ని తవ్వి పారెయ్.”

భవ్యశ్రీ ఊపిరి బిగబట్టి పార వేసింది. కుళ్లిన మొద్దు పిండిలా విడిపోయింది. దాని పక్కనే ఇంకో గుడ్డు. ఇది కోడిగుడ్డే. పసుపు దారం చుట్టి, చిలకపచ్చ చీర పీలికలో మూటకట్టి ఉంది. ఆ చీరను కరీంనగర్‌లో తనే ఏరింది. అప్పగింతల రోజు ఈ పందిరి కింద అమ్మ కట్టుకున్నది అదే.

“ఏమైందే? ఇంకోటి ఉన్నదా?” గోడ దగ్గర్నుంచి శంకరవ్వ అడిగింది.

భవ్యశ్రీ గబగబా మట్టి కప్పేసింది.

“ఉన్నది. ఇదీ పుట్టకొక్కే అత్తమ్మా.”