మూడో అంకంలో ముద్దు

వియన్నాలో మేం ఆడబోయే జర్మన్ మహాకవి నాటకాన్ని చక్రవర్తి తరఫున పాదిరి గారు సెన్సారు చేశారు. మూడో అంకంలో ముద్దు కొట్టేశారు.

నాయకుడి వేషం కట్టే వెంజెల్ మండిపడ్డాడు. "ఇది కవి గొంతు నొక్కడమే!" అంటూ సెన్సారు కచేరీకి పరుగెత్తాడు. సాయంత్రం దాకా వాదించాడు, ఏడ్చాడు, చివరికి పాదిరి గారినీ ఏడిపించాడు.

గెలిచొచ్చి నాయిక క్రెసెన్స్ ముందు మోకరిల్లాడు. "ముద్దు బతికింది అమ్మాయ్!"

ఆమె నెత్తి కొట్టుకుంది. "నీ మొహం మండ! ఎవరు బతికించమన్నారయ్యా? రోజూ ఊరేసిన చేపలో పచ్చి ఉల్లిపాయలు నంజుకునొచ్చి మీద పడతావు. పాదిరి గారి కాళ్లు పట్టుకుని ఆ ముద్దు కొట్టేయించిందే నేను!"

వెంజెల్ అరచేత్తో నోరు మూసుకుని వాసన చూసుకున్నాడు.