వేప మీది వదనిక

రేపు మళ్ళీ తెలంగాణ బంద్. దారులు మూసుకుపోయేలోపే ఇందిరాదేవి అద్దెకున్న వాటా ఖాళీ చేసి సామాను లారీకెక్కించింది. ఒంటరి మనిషి, తెనాలిలో తమ్ముడింటికి పోతోంది. పోతూ పోతూ కత్తి పట్టుకుని పెరట్లోకి వచ్చింది.

"అండాలమ్మగారూ, ఈ వదనిక మీ వేపచెట్టును తినేస్తోందని అంటుంటారుగా. కోసేసి వెళతాను."

ఎప్పుడో గాలికొచ్చి కొమ్మను కరుచుకున్న ఆ మొక్క నిండా గోధుమరంగు పూలు. ఇంటామె అండాలమ్మ అటే చూసింది.

"నిజంగ తింటదా?"

"లేదండీ. పట్టుకుని ఉంటుందంతే. బతికేది వాననీళ్ళ మీదే."

"గిన్నేండ్లల్ల ఎన్నడు చెప్పకపోతివి?"

"మీరు అడగలేదుగా."

అండాలమ్మ ఆమె చేతిలోంచి కత్తి తీసుకుంది.

లారీ ఎల్‌బీ నగర్ వైపు వెళ్ళిపోయింది. పక్క వాటా తలుపులు బార్లా తెరిచే ఉన్నాయి. ఇక పోట్లాడటానికైనా మనిషి లేదు. అండాలమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చి, రోజూలాగే వేప మొదట్లో పోయబోయి ఆగింది. కొమ్మ మీదికి చల్లింది.